ఖాళీ బండికి ఎర్ర లైటు

ఇంట్లో ఒంటరిగా ఉన్న కౌన్సిలరు, అతని కోసం బయల్దేరిన అంబులెన్స్ డ్రైవరు ఫోన్లో మాట్లాడుకుంటున్నారు.

"ఆగిపోయావేంటయ్యా? బండి చప్పుడు వినబడటం లేదు."

"చౌరస్తాలో ఒకాయన బైకు అడ్డం పెట్టాడు సార్. లైటు ఆర్పితేగానీ కదలనంటున్నాడు."

"ఎందుకు ఆర్పాలి?"

"బండి ఖాళీ కదా సార్. కిటికీలోంచి తొంగి చూశాడు. లోపల రోగి లేకుండా ఎర్ర లైటు వెయ్యకూడదని కొత్త రూలొచ్చింది. గుండెనొప్పి అన్నారని నేనే ఉండబట్టలేక వేశాను."

"ఆ రూలు... ఆ రూలు ఎవడు రాశాడో తెలుసా?"

"ఎవరో మహానుభావుడు సార్."

"నేనే."

"కౌన్సిలరుగారా? నమస్కారం సార్."

"నమస్కారాలు తర్వాత పెట్టుకుందాం. అసలు తప్పు మీది. టీ తాగడానిక్కూడా లైటేసుకుని పోయేవాళ్ళు."

"ఒకడు పోయాడు సార్. ఒక్కడే."

"ఒక్కడేనా? నేను సభలో ఊళ్ళో డ్రైవర్లంతా ఇంతే అన్నానే. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకి పొంగిపోయి ఇంకో ముక్క కూడా కలిపా, స్వయంగా నేనే ఫోన్ చేసినా వదలొద్దని. చేసుకున్నవాడికి చేసుకున్నంత."

"నొప్పి ఎలా ఉంది సార్?"

"ఎడమ చెయ్యి లాగేస్తోంది. మా ఆవిడెప్పుడూ నాకు గుండె లేదనేది. ఉందని ఇవాళ తేలింది. చెబుదామంటే ఆవిడేమో వాళ్ళ చెల్లెలింటికి పోయింది."

"ఎక్కువ మాట్లాడకండి సార్."

"మాట్లాడకపోతే భయమేస్తోందయ్యా. రూలు రాసేటప్పుడు అన్నీ ఆలోచించా. లైటు ఏ రంగుండాలి, ఎంత ఎత్తులో ఉండాలి, ఎలా మిణుకుమనాలి, అన్నీ. రోగి అనేవాడు ముందు ఇంట్లో ఉంటాడని మాత్రం తట్టలేదు. ఎంత మేధావినో చూడు."

"పోనీ లైటు ఆర్పేసి రానా సార్?"

"ఆర్పితే ఎంతసేపు పడుతుంది?"

"ఈ రద్దీలోనా... చెప్పలేను సార్."

"వద్దు. ఆ బైకాయనకి ఫోనివ్వు. నా ఉపన్యాసం విన్న అభిమాని అయ్యుంటాడు."

"ఇదిగోండి, మాట్లాడండి. కౌన్సిలరుగారు."

"బాబూ, ఆ రూలు పెట్టిన మనిషిని నేనే. బండి నా కోసమే వస్తోంది. చచ్చిపోయేలా ఉన్నాను, వదిలెయ్ నాయనా."

"ఖాళీ బండండీ."

"నిజమే, ఖాళీయే. నా రూలుని నాకంటే గట్టిగా పట్టుకున్నావు."

"నిజంగా మీరేనా? ఆ రూలు పెట్టినాయనేనా?"

"నేనే. కౌన్సిలర్నని చెప్పుకుని ఇంత సిగ్గుమాలిన పని ఇంకెవడు చేస్తాడు?"

"ఇంట్లో ఎవరూ లేరా?"

"ఎవరూ లేరు బాబూ."

"ఉండండి. డ్రైవరుగారూ, వెనక తలుపు తియ్యండి. మంచమ్మీద నేను పడుకుంటా. లోపల రోగి ఉన్నట్టే కదా. లైటెయ్యండి, పోదాం."

"మరి మీ బైకో?"

"పక్కకి తోసేస్తా. ముందు తలుపు తియ్యండి."

"అమ్మయ్య, సైరన్ వినబడుతోంది. బాబూ, నెలల తరబడి కూర్చుని రాసిన బుర్రలో లేని తెలివి నీకెక్కణ్ణించి వచ్చిందయ్యా? నిన్ను కౌన్సిల్లో కూర్చోబెట్టి నేను బయట బెంచీ మీద కూర్చోవాలి. ఈ ఉపాయం ఎప్పుడు తట్టింది?"

"తలుపు గడియ తీసి పెట్టుకోండి. తర్వాత చెబుతాను."

"ఇప్పుడే చెప్పు. మాట్లాడుతూ ఉంటే కాస్త ధైర్యంగా ఉంది."

"పోయిన నెలండి. లైటార్పుకుని బయల్దేరిన బండి కోసం గుమ్మంకేసి చూసీ చూసీ మా నాన్న పోయాక."