బయట పలకరించని మనిషి

వచ్చిన మీ అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో ఉన్నవాళ్ళు నాకు తెలుసు. బంధువులు, డాక్టరమ్మ, నర్సులు. వెనక తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళు ఎవరో తెలియదు. అడగను.

మా చెల్లి పోయి తొమ్మిది రోజులైంది. నాకు మొదటినుంచీ మాటలు తక్కువ. ఇప్పుడు ప్రార్థనకు కూర్చున్నా అవీ రావడం లేదు. కాస్త ఓపిక పట్టండి.

ఇరవై రెండేళ్ళు తను సుఖవ్యాధుల విభాగంలో కౌన్సెలర్. ఆస్పత్రి వరండా చివరి గది. రెండు కుర్చీలు, బల్ల, సొరుగులో కండోమ్ తొడిగే పద్ధతి చూపించడానికి ఒక కొయ్య నమూనా. ఎవరైనా అడిగితే "చెల్లిది ఆస్పత్రిలో పని" అని ఊరుకునేదాన్ని. ఏ పనో చెప్పడానికి నాకు నోరొచ్చేది కాదు. అదే నోటితో రోజూ దేవుణ్ణి తలుచుకునేదాన్ని.

తనకు ఆ సిగ్గు లేదు. "తిట్టడానికి వాళ్ళకి బోలెడుమంది ఉన్నారక్కా, చెప్పడానికే ఎవరూ లేరు" అనేది. ఒక లారీ డ్రైవరు అదే జబ్బుతో మూడోసారి వచ్చాడట. "మందు నువ్వొక్కడివే మింగితే ఏం లాభం అన్నా? వదిననీ తీసుకురా. ఇద్దరికీ తగ్గేదాకా దూరంగా ఉండండి" అందట. ఇంట్లో ఎలా చెప్పాలో తెలియక అతను బిక్కచచ్చిపోతే, తనే భార్యలా ఎదురుగా కూర్చుని, తిట్లతో సహా, అరగంట వల్లె వేయించిందట. నాలుగో రోజు ఇద్దరూ వచ్చారు. ఆమె ఒక్క తిట్టూ తిట్టలేదట. ఏడ్చిందట.

ఆ గది దాటే ప్రతివాళ్ళకీ చివర్న ఒకటే మాట. "బయట కనిపిస్తే నేను మిమ్మల్ని గుర్తుపట్టను. భయపడకండి." అందుకే వీధిలో తల దించుకుని నడిచేది. ఎవర్నీ పలకరించేది కాదు. పొగరన్నారు. నేనూ అన్నాను.

నా కూతురి పెళ్ళిలో, భోజనాల దగ్గర కూర్చున్నది కూర్చున్నట్టే లేచి వెళ్ళిపోయింది. ఏడాదిపాటు నేను మాట్లాడలేదు. తను సంజాయిషీ చెప్పలేదు. ఒక్కతే వండుకుంది, ఒక్కతే తింది, జ్వరమొస్తే ఒక్కతే పడుకుంది. మొన్న, చివరి నెలలో, నేను తల దువ్వుతుంటే అంది. "ఆ రోజు నన్ను చూసి ఒకరికి ముద్ద దిగలేదక్కా." ఎవరే, అన్నాను. కళ్ళు మూసుకుంది. ఆ పేరు తనతోనే పోయింది.

అంతమంది గుట్టు కాచిన మనిషికి, పలకరించే మనిషి లేకపోవడమేమిటి? నేనున్నాను కదా. ఉండి ఏం చేశాను?

ఇక మౌనం పాటిద్దాం. ముందున్నవాళ్ళకి నా మనవి ఒక్కటే. వెనక్కి తిరిగి చూడకండి. ఎవరు ఎందుకొచ్చారో ఊహించకండి. వెనకున్నవాళ్ళూ, తలుపు దగ్గరే ఆగిపోకండి. మా మధ్యలోకి రండి. అందరం లేచి నిలబడితే, ఎవరు తన చుట్టాలో, ఎవరు ఆ గదికి వచ్చినవాళ్ళో తేడా తెలియదు.

లేవండి. తలలు దించుకుందాం. వీధిలో తను నడిచినట్టే.