తోమిన పన్నెండు నాణేలు

ఆ భూతద్దం కాసేపు పక్కన పెట్టండి అన్నయ్యగారూ, మీకు దణ్ణం పెడతాను! పన్నెండు నాణేలూ చూశారు, పన్నెండుసార్లూ పెదవి విరిచారు. విలువ కట్టడానికి ఇంకా ఏం చూస్తారు? ఎవరో తోమేశారు, అంతేగా మీరనబోయేది?

తెలుసండీ. పాత రాగి నాణేన్ని తోమకూడదని నాకు తెలీక కాదు.

కూర్చోండి. మా మరిది వీటిని కొనే ఆయన్ని తీసుకురావడానికి వెళ్ళాడు, పది నిమిషాల్లో వచ్చేస్తాడు. కాస్త మెల్లిగా మాట్లాడుకుందాం. పక్కగదిలో మా ఆయన పడుకున్నారు.

మా మామగారిది రాగి గిన్నెల కొట్టు. కరిగించడానికని చెల్లని నాణేలు గోనెసంచుల్లో వచ్చేవి. కొలిమిలో పోసేముందు మా ఆయన ఆ కుప్ప దగ్గర కూర్చుని మంచివి ఏరేవారు. పెళ్ళైన వారానికే నన్నూ పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఏం సరసమో చూడండి!

"ముందు చెంప చూడు. బొమ్మలో ఎత్తుగా ఉండేది అదే, ముందు అరిగేదీ అదే. తర్వాత చెవి పైన జుట్టు. ఇప్పుడు వెనక్కి తిప్పు, ఆకుల్లో ఈనెలు కనబడుతున్నాయా?" అనేవారు. చేతులు మారి అరిగితే నున్నగా ఉంటుందట, గీకితే సన్నగీతలు పడతాయట. కాఫీ రంగు తిరిగిందంటే అది దాని చర్మమట, దాని జోలికి పోకూడదట. ముప్ఫై ఏళ్ళు విన్నాను ఈ పాఠం. మీకంటే తక్కువేం చదవలేదు, ఏమనుకోకండి.

ఆయనకి పక్షవాతం వచ్చి పద్నాలుగు నెలలు. కుడివైపంతా పోయింది, మాటా పోయింది. ఎవరు పలకరించినా గోడకేసి చూసేవారు. నేను పలకరించినా అంతే!

ఒకరోజు మధ్యాహ్నం, ఏం తోచిందో ఏమో, ఎడమ చేతిలో ఒక నాణెం పెట్టాను. బొటనవేలు కదిలింది. మెల్లిగా చెంప దగ్గరికెళ్ళింది, జుట్టు మీదకి పాకింది, తిప్పి ఈనెలు తడిమింది. ఆ తర్వాత... మూడు వేళ్ళు చూపించారు.

అది మా కొట్టులో లెక్క. ఒక వేలంటే కొలిమిలోకి, నాలుగంటే పెట్టెలోకి. మూడంటే "బాగానే ఉంది, ఇంకోటి ఇవ్వు" అని. నేను ఏడ్చానో నవ్వానో నాకే తెలీదు. అప్పట్నుంచీ రోజూ అదే మా కబుర్లు. పోట్లాడుకునేవాళ్ళం కూడానండీ! నేను మూడంటే ఆయన పంతానికి రెండు చూపించేవారు.

పోయిన నెల మరిది వచ్చాడు. "వదినా, అది నాన్న కొట్టు సొత్తు, నాకూ వాటా ఉంది. మంచివి పన్నెండూ కొనడానికి మనిషి దొరికాడు. అన్నయ్యకి ఇంక ఇవెందుకు, తెలివే లేదు కదా?"

"ఎందుకు లేదయ్యా, చూడు" అని ఆయన చేతిలో నాణెం పెట్టబోయాను. ఆ రోజే మొండికేయాలా ఆ మహానుభావుడు? పిడికిలి తెరవలేదు. మరిది నన్ను జాలిగా చూసి వెళ్ళిపోయాడు. పిచ్చిదాన్ననుకుని ఉంటాడు.

మీరొచ్చి విలువ కడతారని ఒక పొద్దున మరిది ఫోన్ చేసి చెప్పాడు. వంటింటి తలుపేసుకున్నాను. నిమ్మచెక్క, ఉప్పు, గరుకు పీచు. పన్నెండూ తోమాను. కొత్త చెంబుల్లా ఎర్రగా మెరిశాయి.

ఇంక ఎవడు కొంటాడు? ఇంట్లోనే ఉంటాయి, ఆయన చేతిలోనే ఉంటాయి. కంటికి కనబడేది పాడవుతుంది గానీ, వేలికి తెలిసేది ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. అదీ నా తెలివి!

ఆ మధ్యాహ్నం మామూలుగానే ఒకటి చేతిలో పెట్టాను. వేలు చెంప మీదకెళ్ళి ఆగిపోయింది. మళ్ళీ తడిమింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. తర్వాత నా చెయ్యి లాక్కుని, నా వేళ్ళు వాసన చూశారు అన్నయ్యగారూ.

అరవలేరు కదా. తిట్టలేరు. చెయ్యి వదిలేసి, తన చేతిని దుప్పటి కిందకి తీసేసుకున్నారు. ఇవాల్టికి నాలుగు రోజులు. తోమని నాణెం ఇచ్చినా పట్టుకోవడంలేదు. అన్నం కూడా పక్కింటావిడ పెడితేనే తింటున్నారు.

అదిగో, గేటు చప్పుడు. రాసేయండి. విలువ పోయిందనే రాయండి, నాకు కావలసిందీ అదేగా! ఎవరు తోమారని మరిది అడుగుతాడు. పనిమనిషి మీదకి నెట్టేద్దామనుకున్నాను నిన్నటిదాకా. వద్దులెండి, నేనేనని చెప్పండి. ఆయనకి తెలిసిపోయాక, ఇంక ఎవరికి తెలిస్తే నాకేంటి?