నేలతో మాట్లాడే బూట్లు

మాటను పొదుపుగా వాడుకునేవాడి దగ్గర ఎంతో కొంత నిజం మిగులుతుంది. బుచ్చిరాములు దగ్గర ఏమీ మిగిలేది కాదు. సూరత్ శివారు ఉన్‌లో మనవాళ్ల గల్లీ మొదట్లో సారక్క చాయ్ బండి. అక్కడ బెంచీ మీద కూర్చుని, మాస్కు గడ్డం కిందికి లాగి, గ్లాసు చేతిలోకి తీసుకున్నాడంటే చాయ్ చల్లారేలోపు లోకమంతా చుట్టి వచ్చేవాడు. పగలంతా రింగ్ రోడ్ మార్కెట్లలో చీరల మూటలు మోసేవాడు కదా, ఆ బరువంతా సాయంత్రం మన చెవుల మీద దించేవాడు.

ముత్యం మాత్రం ఆ పూట కథ కోసం రాలేదు. ఒక్క ప్రశ్న అడిగి పోదామని వచ్చాడు.

ముత్యం సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే మనిషి. పెళ్లికి ముందు సూరత్ వచ్చినవాడు, ఇన్నేళ్లూ కార్ఖానాలో ఉత్త కాళ్లతోనే నిలబడ్డాడు. సాంచెల మోతలో చెవి ఎందుకూ పనికిరాదు. మనిషి కళ్లు ముందున్న సాంచెల మీద ఉంటాయి, వీపు వెనక ఆగిన సాంచె సంగతి అరికాలే చెప్పాలి. నేల అదురు ఒక్క పిసరు తగ్గిందంటే ముత్యం గిరుక్కున తిరిగేవాడు. కరోనాకు మూతపడిన కార్ఖానా దీపావళి తర్వాత మళ్లీ తెరిచినప్పుడు సేఠ్ కొత్త రూలు పెట్టాడు. ఉత్త కాళ్లు వద్దు, చెప్పులు వద్దు, కాలంతా మూసే బూట్లుంటేనే లోపలికి రానిస్తానన్నాడు. మడమ నొప్పి ఉంది కదా అని ముత్యం మెత్తగా, పరుపులా ఉండే బూట్లు కొనుక్కున్నాడు. మడమకు సుఖంగానే ఉంది. నేల మాత్రం మూగబోయింది. వెనక సాంచె ఆగినా తెలియదు. సేఠ్ రెండుసార్లు చూసీచూడనట్టు ఊరుకున్నాడు. నిన్న పిలిచి, "ఇంకోసారి ఇట్లయితే నీ సాంచెలు వేరేవాళ్లకు ఇస్తా" అన్నాడు.

గల్లీ మొత్తంలో పల్చటి సోలు బూట్లున్నది బుచ్చిరాములుకే. ఉత్త కాళ్లతో నడిచినట్టే ఉంటుందట. అవి వేసుకుంటే సాంచె అదురు తెలుస్తుందా? తెలిసినా, నొప్పి మడమ డ్యూటీ దిగేదాకా, పాళీ మొత్తం ఓర్చుకుంటుందా? ముత్యానికి కావలసిన జవాబు ఇంతే.

"అన్నా, గా బూట్లేసుకుంటే మొదట్ల కాళ్లు నొచ్చినయా?" అని అడిగాడు, బెంచీ మీద పక్కన కూర్చుంటూ.

అడగకుండా ఉండాల్సింది. బుచ్చిరాములు రెండు కాళ్లూ ముందుకు చాపాడు. నల్లటి బూట్లు, ముందు భాగం బాతు కాలులా వెడల్పు.

"జూడు ముత్యం, జర కండ్లు పెట్టి జూడు. మామూలు బూటు వేళ్లను లోకల్ రైలు డబ్బల కుక్కినట్టు కుక్కుతది. ఇండ్ల నా వేళ్లు కాళ్లు జాపుకోని పండుకున్నయ్. మడమ కింద ఎత్తు లేదు, అంత సాపు. సోలంటవా, సారక్క చేసే రొట్టె మందం లేదు."

"నా రొట్టెను మధ్యల తేకు" అంది సారక్క, పాలు కలుపుతూ.

"నీ రొట్టె మంచిదే సారక్కా, బూటు ఇంకా మంచిదంటున్న. ఏసుకున్న మొదటి రోజు ఊకె గిట్ల సచిన్ రైలు స్టేషన్ దాక పోయొచ్చిన. మడమ నొప్పి లేదు, నడుం నొప్పి లేదు. సరే, బూటు గదా, బాగనే ఉన్నదనుకున్న. అటెన్క ఏమైందో ఎరుకేనా?"

"నొచ్చినయా లేదా, గది జెప్పు" అన్నాడు ముత్యం.

"చెప్తున్న గదనె! స్టేషన్ కాడ కాలు కింద ఏందో తగిలింది. వంగలేదు, చూడలేదు. రూపాయి బిళ్ల అన్న. పక్కనోడు నవ్విండు. బొమ్మ కిందికున్నది, అంకె పైకున్నది అన్న. తీసి చూస్తే అంతే!"

ముత్యం పక్క సాంచెల మీద పనిచేసే ఓంప్రకాష్ అప్పుడే వచ్చి చాయ్ అందుకున్నాడు. సూరత్‌లోనే పుట్టి పెరిగినవాడు. "కాకా, బిళ్ల మీద అచ్చయిన సాల్ గూడ చదివినవా?" అన్నాడు.

"చదివిన. అరిగిపోయింది గాబట్టి ఆఖరి అంకె జర అనుమానమొచ్చింది. అబద్ధమెందుకు ఆడాలె?"

సారక్క గ్లాసు గట్టిగా పెట్టింది. ముత్యం మళ్లీ నోరు తెరవబోయాడు గాని బుచ్చిరాములు అప్పటికే స్టేషన్ దాటి పోయాడు.

"గది చిన్న ముచ్చట. అసలుది లాక్‌డౌన్ల. రైళ్లు లేవు, బస్సులు లేవు. రూముల ఉంటె తిండి లేదు. అందరు ఏడుస్తున్నరు. నేనేం జేసిన? బూట్లేసుకున్న, మనూరు కోరుట్ల దిక్కు మొఖం పెట్టిన, నడిచిన. నా ఎన్క యాభై మంది. పొద్దంత తోటల్ల పడుకునుడు, చీకటి పడ్డంక నడుసుడు. పోలీసు జీపు వస్తే ఎట్లనంటరా? నేను రోడ్డు మీద గిట్ల కాలు ఆనిస్తుంటి. రెండు కోసుల అవతల జీపున్నది, లోపట నలుగురున్నరు, డ్రైవరు నిద్రమత్తుల ఉన్నడు, ఎన్క కూసున్నోనికి జలుబున్నది, పండుండ్రి అంటుంటి. అందరు చెట్ల ఎన్క పండుతుండ్రి. జీపు పోతుండె. లోపల్నించి తుమ్ము ఇనవడుతుండె!"

"అరే, జలుబు కాలికెట్ల తెలుస్తది కాకా?"

"తుమ్మినప్పుడు బండి జర ఊగుతది గదరా. నీకు బండి లేదు గాబట్టి ఎరుక లేదు."

ఓంప్రకాష్ తల ఊపి ఒప్పుకున్నాడు. ఒప్పుకోకపోతే కథ ఇంకా పొడుగవుతుందని వాడికి అనుభవం.

"నవాపూర్ కాడ రాష్ట్రం మారుతది. బోర్డు లేదు, లైటు లేదు, అమాస చీకటి. ఒక్క అడుగు ముందుకేసిన, ఆగిన. ఏందన్నా ఆగినవ్ అన్నరు. మట్టి మారింది అన్న. ఇప్పటిదాక మట్టి గుజరాతీల మాట్లాడింది, ఇగ మరాఠీల మాట్లాడుతున్నది అన్న. పొద్దు పొడిచినంక చూస్తే, నా కుడికాలు గుజరాత్‌ల ఉన్నది, ఎడమకాలు మహారాష్ట్రల ఉన్నది!"

"పొద్దు పొడిచేదాక గట్లనే నిలబడ్డవా?" అంది సారక్క.

"మరి కదిలితె సాక్ష్యం పోతది గద!"

ఈసారి ముత్యానికి కూడా నవ్వొచ్చింది. నవ్వుతూనే మడమ నొక్కుకున్నాడు. బూట్లు విప్పి, పగలంతా ఆ పరుపుల్లో నానిన పాదాలను బెంచీ కింద చల్లటి నేల మీద ఆనించాడు. నేల ఎంత హాయిగా ఉందో! సాంచెల అదురు లేకపోయినా, దూరంగా రోడ్డు మీద పోయే లారీ బరువు తెలుస్తోంది. రేపు మళ్లీ ఆ పరుపుల్లో కాళ్లు దాచుకోవాలి.

"పిక్కలు పట్టినయా అన్నా?" అని అడిగాడు. "మందపు సోలుకు అలవాటైన కాలు ఒక్కపారె పల్చటిదాంట్లకు దిగితె పిక్కలు రాళ్లయితయని మా కార్ఖానల ఒకలన్నరు. నేను పాళీ మొత్తం నిలబడాలె. నడిమిట్ల కూలబడితె సేఠ్ చూస్త ఊకుంటడా?"

సారక్క చేయి పాలగిన్నె మీద ఆగింది. "అడిగినదానికి జవాబియ్యి రాములూ. వాని సాంచెలు పోయేటట్టున్నయి."

"గదే చెప్పబోతున్న. మధ్యల మీరే అడ్డం వస్తున్నరు!" బుచ్చిరాములు చాయ్ చివరి గుక్క తాగి గ్లాసు బోర్లించాడు. "నిజామాబాద్ దాటినం. చెక్‌పోస్టు కాడ డాక్టరమ్మ తుపాకి లెక్క జరం చూసే మిషిను పట్టుకోని అందరి నెత్తికి పెడుతున్నది. మిషిను ఖరాబయింది. అందరు నిలబడిపోయిండ్రు. ఎండ దంచుతున్నది. నేను ముందుకు పోయిన. అమ్మా, మీ మిషినుతోని పని లేదు, అందరిని ఒక్కొక్క అడుగు ఏయమను, ఆ అడుగు మీద నేను అడుగేస్త అన్న. ఏసిన. ఈయనకు జరం లేదు, పో. ఈయనకు జరం లేదు గాని నిన్న భార్యతోని కొట్లాడిండు, పో. ఈయనకు కరోనా వారం తర్వాత వస్తది, పక్కకు నిలబడు..."

"వారం తర్వాత వచ్చేది గూడ?" ఓంప్రకాష్‌కు చాయ్ పొలమారింది.

"ఆ వాసన అడుగుల ముందే ఉంటది. అటెన్క ఏమైందో ఎరుకేనా? కలెక్టరు సారే కారు దిగొచ్చిండు. బుచ్చిరాములు గారూ, నాకు రాత్రి నుంచి గుండె దడగా ఉన్నది, జర మీ పాదం నా ఛాతి మీద పెట్టుండ్రి అన్నడు. నేను పెట్టలే. పెద్దమనిషి గద, పద్ధతి ఉండాలె. సారూ, మీ నీడ మీద పెడుత అన్న. పెట్టిన. గ్యాస్ అని చెప్పిన. త్రేన్చిండు, తగ్గింది!"

రాత్రి కర్ఫ్యూ వేళ దగ్గరపడుతోంది. గల్లీ మూల నుంచి పోలీసు ఈల ఒకటి వినిపించింది. సారక్క స్టవ్ మంట తగ్గించింది. ముత్యానికి ఇక ఆశ పోయింది. అబద్ధం చెప్పేవాడికి ఏమీ పోదు, విన్నవాడి పొద్దే పోతుంది. ఇంత పెద్ద మాటల గుట్టలో తనకు కావలసిన చిన్న మాట ఎక్కడ వెతుక్కోవాలి? పరుపు బూట్లు చేతిలోకి తీసుకుని లేవబోయాడు.

అతడు లేవడం చూసి బుచ్చిరాములు తానే ముందు లేచాడు. వినేవాడు పోతుంటే చెప్పేవాడికి ప్రాణం ఆగుతుందా?

"నమ్ముత లేవా ముత్యం? ఇప్పుడే సూపెడుత! ఈడ నిలబడి హజీరా ఓడరేవుల ఏం జరుగుతున్నదో చెప్త. ఓంప్రకాష్, సప్పుడు చెయ్యకు!"

కళ్లు గట్టిగా మూసుకున్నాడు. చేతులు రెండూ చాచాడు. ఎడమకాలు ఎత్తి, దేవుడికి దండం పెట్టినంత భక్తిగా, మెల్లగా నేల మీద ఆనించాడు.

అది నేల మీద ఆనలేదు. ఇంకా బూటు వేసుకోని ముత్యం పాదం మీద ఆనింది.

ముత్యం అరవబోయాడు. అంతలో ఏదో తట్టి నోరు మూసుకున్నాడు. కళ్లు చిన్నవి చేసి తన పాదం వైపే చూస్తూ ఉండిపోయాడు.

"ఆఁ... అందుతున్నది" అన్నాడు బుచ్చిరాములు. "హజీరాల ఓడ వచ్చింది. పెద్ద ఓడ. లోపట కెప్టెన్ పండుకున్నడు, కుడిపక్కకు తిరిగిండు. వంటాయన పప్పుల ఉప్పు మరిచిండు... ఆగుండ్రి, ఆగుండ్రి!"

"ఏమైంది కాకా?"

"భూమి వేడిగున్నది." గొంతు తగ్గించాడు. "వేడిగున్నది, మెత్తగున్నది. అరే, కదులుతున్నది! లోపల నుంచి పైకి పొడుస్తున్నది! సారక్కా, స్టవ్ బంద్ చెయ్యి! ఉన్‌కు భూకంపం వస్తున్నది, అందరు బయటికి ఉర్కుండ్రి!"

"భూకంపం గాదన్నా" అన్నాడు ముత్యం. "నా కాలు. వేళ్లు కదిలిస్తున్న."

బుచ్చిరాములు ఒక కన్ను తెరిచాడు. కిందికి చూశాడు. రెండో కన్ను తెరవడానికి కొంచెం సమయం పట్టింది.

ఓంప్రకాష్ బెంచీ మీద నుంచి కిందికి జారి కూర్చుని నవ్వాడు. సారక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గాని ఆగలేదు. "హజీరాల కెప్టెన్ ఏ పక్కకు తిరిగిండో తెలిసింది, కింద మనిషున్నడని తెల్వలే!" అంది.

బుచ్చిరాములు కాలు తీయబోయాడు. ముత్యం అతని మోకాలు పట్టుకుని ఆపాడు.

"తియ్యకు. జర గట్ల ఉంచు." తల వంచి, ఆగిపోయిన సాంచె కోసం విన్నట్టు విన్నాడు. "నీ బొటనవేలు గిక్కడ. పక్క వేలు వంకర. చిటికెనవేలు కాడ కాయ గాసింది. అన్ని నా కాలికి తెలుస్తున్నయ్. బూటు పల్చటిదే అన్నా. గింత పల్చగుంటె సాంచె అదురు గూడ తెలుస్తది."

ఓంప్రకాష్ నవ్వు ఆపి లేచి నిలబడ్డాడు.

"ఇప్పుడు జెప్పు" అన్నాడు ముత్యం, తల ఎత్తి, బుచ్చిరాములు కళ్లలోకి చూస్తూ. "పిక్కలు నొచ్చినయా?"

బుచ్చిరాములు గల్లీ అటు చూశాడు, ఇటు చూశాడు. మాస్కు పైకి లాక్కున్నాడు.

"నొచ్చినయ్" అన్నాడు మాస్కు లోపల నుంచి. "వారం దినాలు. రోజు జరంత సేపే ఏసుకున్న. అటెన్క తగ్గింది."

"గట్లైతే పాళీల మొదట్ల జరసేపు పల్చటియి ఏసుకుంట, మిగిలింది పాతయి ఏసుకుంట" అన్నాడు ముత్యం. "రోజు కొంచెం పెంచుకుంట పోత. ఓంప్రకాష్, పాతయి ఏసుకున్నప్పుడు నా ఎన్క సాంచెలు జర నువ్వు చూస్తవా? ఆగితె భుజం తట్టు."

"పక్కా కాకా. నీ ఎన్కది నాకు ఎదురుంగనే ఉంటది గద."

కొనాల్సిన సైజు తేల్చుకోవడానికి ముత్యం గొంతుక్కూర్చుని బుచ్చిరాములు కాలి పొడుగుకు తన జానెడు ఆనించి, మిగిలింది వేళ్లతో కొలిచాడు. ఆ కొలతతో బుచ్చిరాములుకు మళ్లీ ప్రాణం లేచి వచ్చింది.

"కానీ ముత్యం, గా పిక్కల నొప్పి గూడ మామూలు నొప్పి అనుకుంటున్నవా? పిక్క గిట్ల ఎగిరిందంటె, గల్లీ మొత్తం కరెంటు..."

"నువ్వు చెప్పుకుంట ఉండన్నా" అన్నాడు ముత్యం, లేచి పరుపు బూట్లు చంకలో పెట్టుకుని. "నాకు గావాల్సిన మాట వచ్చింది." ఉత్త కాళ్లతోనే ఇంటి దారి పట్టాడు.