పెద్దకర్మ మర్నాడు

రాజోలు దగ్గర ఒక ఊరి బడి. మధ్యాహ్నం అన్నాలయ్యాక, నాలుగో తరగతి గదిలో క్రిస్టీనా టీచరు, ఊరి రైతు వెంకటకృష్ణ, గుమ్మం పక్కన అతని కూతురి కూతురు దుర్గాశ్రీ.

“టీసీకి నేను సంతకం పెట్టను. పిల్ల నా దగ్గరే ఉంటుంది. అంతే.”

“పెట్టొద్దండి. ముందు ఈ కాగితం వినండి. తరవాత మీ ఇష్టం.”

“కాగితం ఇలా ఇవ్వండి. నాకూ చదవడం వచ్చు.”

“చింపడం కూడా వచ్చంట కదండీ. పోయిన నెల ప్రోగ్రెస్ కార్డు చింపేరని దుర్గాశ్రీ చెప్పింది.”

“ఒసే! నువ్వే చెప్పేవా?”

“ఆయ్, నేనేనండి తాతయ్యగారూ.”

“చూసేరా? కనీసం బుకాయించదు. వాళ్ళమ్మమ్మకి మల్లే. తప్పు చేసి కళ్ళలోకి చూస్తుంది.”

“కూర్చోండి వెంకటకృష్ణగారూ.”

“పిల్లకాయల బెంచీ మీదా? సాలమోను కూతురు కుర్చీలో, నేను బెంచీ మీదానా? మీ నాన్న మా కొబ్బరితోటలో దింపులకొచ్చేవాడు, తెలుసా టీచరమ్మా?”

“తెలుసండి. ఆయన చెట్టెక్కి కాయ దింపితేనే నేను చదువుకున్నాను. ఇదిగో, కుర్చీ మీరు తీసుకోండి. బెంచీ నాకలవాటే. ఆ. ఇప్పుడు వింటారా?”

“వింటాను. కానీ టీసీ మాట ఎత్తితే లేచిపోతాను.”

“ఎత్తింది నేను కాదండి. కువైట్ నుంచి మీ అమ్మాయి ఫోన్ చేసింది. పిల్లని ఐనవిల్లిలో వాళ్ళ పిన్నిగారింటికి పంపించెయ్యమంది. నిన్న రాజ్యంగారు కూడా వచ్చేరు.”

“ఎవరూ?”

“మీ మరదలుగారండి.”

“ఆ పేరు నా ముందు ఎత్తొద్దు. చదవండి, చదవండి.”

“‘పెద్దయ్యాక నేను’ అని రాయమన్నానండి క్లాసంతటినీ. బాలల దినోత్సవానికి వరండాలో తాడు కట్టి తగిలిద్దామని. తొమ్మిదిమంది డాక్టర్లయ్యేరు. నలుగురు పోలీసులు. బెంజమిన్ గోదాట్లో రేవు దాటించే పంటు నడుపుతాడంట. నాగసతీష్‌కి జేసీబీ కావాలి.”

“మరి ఇదేం రాసింది? దొంగనవుతానందా?”

“‘పెద్దయ్యాక నేను వితంతువు అవుతాను.’”

“ఏంటీ?”

“మొదటి వాక్యం అదేనండి.”

“నీ నోరు పడిపోను! ఆ మాట ఎక్కడ నేర్చేవే?”

“పింఛన్ల కాగితంలో ఉందండి. పక్కింటి పోలమ్మవ్వ నాచేత చదివించుకుందండి.”

“దాని అర్థం తెలుసా నీకు?”

“ఆయ్. ముందు పెళ్ళి చేసుకోవాలండి. తరవాత ఆయన పోవాలండి. ఆ తరవాత మన ఇష్టమండి.”

“వింటున్నారా టీచరమ్మా? ఇదా మీ బళ్ళో చెప్పే చదువు?”

“బళ్ళో చెప్పింది కాదనే మిమ్మల్ని పిలిపించేనండి. ‘పెద్దకర్మ అయిన మర్నాడు నేను ఆలస్యంగా లేస్తాను. కాఫీ ఒక్క గ్లాసే పెడతాను. వేడివేడిగా ఎవరికీ అందివ్వక్కర్లేదు. అరుగు మీద కూర్చుని చల్లారబెట్టుకుని తాగుతాను.’”

“చల్లటి కాఫీయా? ఎవరు తాగుతారు చల్లటి కాఫీ?”

“‘మంచం గోడవార నుంచి కిటికీ దగ్గరికి జరుపుతాను. శనివారం చేపలకూర వండుకుంటాను.’”

“శనివారమా! మా ఇంట్లో శనివారం నీచు గడప దాటి లోపలికి రాదు. నలభై ఏళ్ళ నుంచి ఒక్కపొద్దు.”

“ఒక్కపొద్దు మీదేనండి తాతయ్యగారూ.”

“నోర్ముయ్.”

“ఆయ్.”

“‘తలలో పువ్వులు పెట్టుకోను.’”

“ఆగండి. అదేదో గొప్పలాగ రాసిందేంటి? మొగుడు పోయిందానికి పువ్వులెక్కడివి? పెట్టుకోకూడదు.”

“తరవాత వాక్యం వినండి. ‘అప్పుడు పెట్టుకోమని ఎవరూ అనరు. సంపెంగ వాసనకి తల పగిలిపోతుంది.’”

“సంపెంగా?”

“సంపెంగ అనే రాసిందండి.”

“రాజోలు వెళ్ళినప్పుడల్లా తెచ్చేవాణ్ణి. వారానికోసారి. ఆకులో కట్టించి, జేబులో పెట్టుకుంటే నలుగుతాయని చేత్తో పట్టుకుని, ఆటోలో నలుగురూ నవ్వినా సరే తెచ్చేవాణ్ణి. ఊళ్ళో ఏ మగాడు తెచ్చేడు పెళ్ళానికి? మీ నాన్న తెచ్చేడా?”

“లేదండి.”

“మరీ! అడగండి ఊళ్ళో. చిట్టెమ్మ తలలో సంపెంగ లేని వారం ఉందేమో అడగండి.”

“మీరు పడుకున్నాక అమ్మమ్మ తీసేసేదండి. దూడ ముందు పడేసేదండి.”

“దూడకా?”

“ఆయ్. అదీ తినేది కాదండి. దానిక్కూడా ఆ వాసన పడదండి.”

“వెంకటకృష్ణగారూ, మంచినీళ్ళు తాగుతారా?”

“అక్కర్లేదు. చెప్పొచ్చు కదా! నోరుంది కదా! వద్దు అని ఒక్క మాట అంటే తెస్తానా నేను?”

“ఒకసారి చెప్పిందంటండి.”

“ఎప్పుడే? నాకెప్పుడు చెప్పింది?”

“మా అమ్మ పుట్టకముందండి. మీరప్పుడు పదకొండు రోజులు మాట్లాడలేదంటండి.”

“గుర్తొచ్చిందా వెంకటకృష్ణగారూ?”

“మీరు ఆరా తియ్యకండి టీచరమ్మా. ఇది దీని రాత కాదు.”

“దస్తూరీ దుర్గాశ్రీదేనండి.”

“దస్తూరీ కాదు. మాట. మాట దాందే. చిట్టెమ్మది. పోయి ఏడు నెలలైంది, ఇప్పుడు మాట్లాడుతోంది. బతికున్నప్పుడు నోరు విప్పలేదు. ఒసే, ఇలా వచ్చి నిలబడు. ఇవన్నీ నీకు ఎప్పుడు చెప్పిందే?”

“అప్పుడప్పుడండి.”

“ఎక్కడ?”

“వంటింట్లోనండి. ‘పెద్దయ్యాక’ ఆట ఆడేవాళ్ళమండి. ముందు నేను చెప్పాలి, తరవాత అమ్మమ్మ చెప్పాలి.”

“అరవయ్యేళ్ళ ముసల్ది, అదింక పెద్దవడమేంటే?”

“నేనూ అదే అడిగేనండి. ‘మీ తాత ఉండగా నేనెక్కడ పెద్దవుతానే’ అందండి.”

“అందా?”

“నవ్విందండి. నవ్వి అందండి.”

“నవ్విందంటే వేళాకోళం. విన్నారా టీచరమ్మా, వేళాకోళానికంది. పిల్ల ముండ నిజమనుకుంది.”

“ఇంకో అయిదు వాక్యాలున్నాయండి. చదవనా?”

“రైలు గురించి రాసిందా?”

“రాసిందండి. మీకెలా తెలుసు?”

“ఒకసారి అడిగింది. రాజమండ్రి దాకా బస్సులో వెళ్ళి, అక్కణ్ణించి రైలెక్కి ఎక్కడికైనా వెళ్దామని. ఎక్కడికే అంటే ఎక్కడికైనా అంది. ఎక్కడికో తెలీకుండా టికెట్టెవడిస్తాడన్నాను.”

“‘రైలెక్కుతాను. ఎక్కడ దిగాలో ముందే అనుకోను. తిరిగొచ్చి ఐనవిల్లి వెళ్తాను. రాజ్యం ఇంట్లో నాలుగు రోజులుంటాను. గేటు తియ్యమని ఎవర్నీ బతిమాలక్కర్లేదు.’ అంతేనండి. అయిపోయింది.”

“ఆ గేటు మాట ఊరందరికీ చూపిస్తారా? తాడు కట్టి?”

“అది మీరు చెప్పండి. అసలేం జరిగిందండి?”

“మా అమ్మాయి పెళ్ళిలో, మగపెళ్ళివారి ముందు, పదిమందిలో నన్నంది రాజ్యం. ‘బావగారూ, మా అక్క నవ్వి ఎన్నాళ్ళయింది?’ అని. ఆ రోజే చెప్పేను. నా గడప తొక్కొద్దు, నా పెళ్ళాం నీ గడప తొక్కదు అని.”

“ఆవిడ అడిగింది తప్పా అండీ?”

“పదిమందిలో అడగడం తప్పు.”

“మరి చిట్టెమ్మగారు పోయిన రోజు?”

“వచ్చింది.”

“లోపలికి రానిచ్చేరా?”

“గేటు బయట నుంచి కనిపిస్తుంది. అరుగు మీదే పడుకోబెట్టేం కదా. చూసింది. వెళ్ళింది.”

“సొంత అక్కని, వెంకటకృష్ణగారూ.”

“నేను మాట మీద నిలబడే మనిషిని. చావొచ్చిందని మాట మారుస్తానా?”

“చిన్నమ్మమ్మ గేటు సందులోంచి చెయ్యి పెట్టిందండి టీచరండీ. నేను వెళ్ళి పట్టుకున్నానండి.”

“నిన్నెవరు వెళ్ళమన్నారే?”

“నేనడుగుతాను, ఉండండి. దుర్గాశ్రీ, పొద్దున్న ఎన్నింటికి లేస్తున్నావమ్మా?”

“కోడి కూసేకండి.”

“లేచి?”

“తాతయ్యగారికి కాఫీ అండి. తరవాత అన్నం వారుస్తానండి. కూర తాతయ్యగారు చెప్పిందండి.”

“చేతి మీద ఆ మచ్చ?”

“గంజండి. తగ్గిపోయిందండి.”

“నువ్వెప్పుడు తింటావు?”

“తాతయ్యగారు చెయ్యి కడుక్కున్నాకండి.”

“విన్నారు కదండీ. తొమ్మిదేళ్ళ పిల్ల. రెండో పీరియడుకి వస్తోంది, వచ్చి నిద్రపోతోంది. అందుకండి టీసీ.”

“పరాయి చేతి కూడు నేను తినను. ఆడపిల్ల, పని నేర్చుకోవద్దా? చిట్టెమ్మ మా ఇంటికొచ్చినప్పుడు దానికి పదిహేనేళ్ళు. ఏమైంది? చచ్చిపోయిందా? అలా చూడకండి టీచరమ్మా. మాట వరసకన్నాను.”

“ఆయ్ తాతయ్యగారూ.”

“సరే. ఇప్పుడేంటి? ఈ కాగితం తగిలించకూడదు. ఒసే, కూర్చో. పెన్సిలు తియ్యి. టీచర్నవుతానని రాసి పారెయ్యి.”

“రాయనండి.”

“డాక్టరనైనా రాయి. తొమ్మిదిమందికి తోడు పదోదానివి.”

“రాయనండి తాతయ్యగారూ.”

“నేను చెప్తున్నాను!”

“కొట్టకండి. చెయ్యి దించండి వెంకటకృష్ణగారూ. ఇది బడి. దుర్గాశ్రీ, ఎందుకు రాయవమ్మా?”

“అది నా వంతు కాదండి. అమ్మమ్మ వంతండి.”

“నీ వంతు వేరే ఉందా?”

“ఉందండి. నేను బస్సు కండక్టర్నండి. అమలాపురం బస్సుకండి. అమ్మమ్మకి టికెట్టు కొట్టనని చెప్పేనండి. చెకింగువాళ్ళొస్తే సీటు కింద దాస్తానన్నానండి.”

“హహ... బాగుందమ్మా. మరి అది రాయలేదేం?”

“ఒక్కటే రాయమన్నారు కదండీ మీరు. నాది రాస్తే అమ్మమ్మది ఎవరు రాస్తారండీ? ఆవిడకి చదువు రాదు కదండీ.”

“ఏడుస్తున్నారా వెంకటకృష్ణగారూ?”

“నేనా? ఈ గదిలో సుద్దపొడి. తుడిపించరా బోర్డు?”

“తుడిపిస్తానండి.”

“వినండి టీచరమ్మా. నేను మంచివాణ్ణని ఎవరితోనూ అనలేదు. దాన్ని కొట్టలేదు, తిండికి కొదవ చెయ్యలేదు. నాకు తెలిసింది అంతే. ఇప్పుడు ఇల్లు తాళం తీస్తే చప్పుడు లేదు. ఈ పిల్ల చెంబు పెట్టిన చప్పుడొకటే వినిపిస్తుంది. దీన్ని కూడా తీసుకుపోతే నేను గోడలతో మాట్లాడాలి.”

“అది పిల్ల బాధ్యత కాదండి.”

“కాదు. అయితే దాన్నే అడగండి. వెళ్తానందా, ఇక్కడే, మీ బెంచీ మీదే సంతకం పెడతాను. ఐనవిల్లి తీసుకెళ్ళి, ఆ రాజ్యం చేతిలోనే పెడతాను. ఉంటానందా, ఇంకెవరూ నా గేటు దగ్గరికి రాకూడదు.”

“మాట?”

“మాట.”

“దుర్గాశ్రీ, ఇలా రా. తాతయ్యగారికేసి చూడకు, నాకేసి చూడు. చిన్నమ్మమ్మగారింట్లో నీ ఈడు పిల్లలున్నారు. వండక్కర్లేదు. నిద్రొచ్చేదాకా ఆడుకోవచ్చు. ఎవరూ తిట్టరు. భయపడకుండా చెప్పు. వెళ్తావా?”

“వెళ్ళనండి.”

“సరిగ్గా విన్నావా అమ్మా?”

“ఆయ్. విన్నానండి. తాతయ్యగారి దగ్గరే ఉంటానండి.”

“విన్నారా! విన్నారా టీచరమ్మా! ఎన్ని కాగితాలు చదివితే ఏం? నా మనవరాలు! ఎంత కసిరినా నన్నొదిలిపెట్టి వెళ్ళలేదు. ఇలా రావే తల్లీ. ఇలా రా. రేపట్నుంచి నువ్వు పొయ్యి దగ్గరికి వెళ్ళొద్దు. వీధి చివర సుందరమ్మని వంటకి రమ్మంటాను.”

“సుందరమ్మా అండీ? ఆవిడ చేతి వంట తింటారా మీరు?”

“తింటాను టీచరమ్మా. చస్తానా తింటే? నువ్వు నాతోపాటే కూచుని తిను తల్లీ, నా ఎదురుగా. ఆ కండక్టరు కాగితం కూడా రాయి, నేనే తగిలిస్తాను. సరేనా?”

“ఆయ్.”

“ఇంకేం కావాలి నీకు? అడుగు. ఈ తాత కాదనడు.”

“ఏమీ వద్దండి. ఉండనిస్తే చాలండి.”

“చాలంట! చూసేరా? వెళ్ళొస్తాం టీచరమ్మా. ఆ టీసీ పుస్తకం మూసెయ్యండి.”

“ఒక్క నిమిషం ఆగండి. దుర్గాశ్రీ, ఎందుకు ఉంటానంటున్నావమ్మా?”

“చెప్పింది కదండీ. ఇంకా ఏం గుచ్చి గుచ్చి అడుగుతారు?”

“తాతయ్యగారంటే బెంగా?”

“చెప్పవే తల్లీ. చెప్పెయ్యి, ఆవిడ కూడా వింటుంది.”

“మీరు పోయినప్పుడు నేను ఇంట్లో ఉండాలి కదండీ తాతయ్యగారూ. అమ్మమ్మ ఇంకా వంటింటి తలుపు వెనకే నిలబడుందండి. ఎవరో ఒకరు వెళ్ళి, ఆయన పోయేరు, ఇంక బయటికి రావచ్చు అని చెప్పాలి కదండీ.”