పై అధికారి అక్కరలేని సంతకం

1974 జూన్ మూడవ తేదీన ఉయ్యూరు నుంచి మొదటి బస్సులో దిగి, మా విత్తనాల కంపెనీ విజయవాడ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా చేరిన శ్రీ షేక్ మదార్ సాహెబ్ గారు, ముప్పై రెండేళ్ల నిష్కళంక సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు.

మెట్టు మెట్టుగా ఎదిగి, 1998లో వారు డిప్యూటీ మేనేజరైనారు. ఇంటి గేటుకు ఇత్తడి పలక వెలిసింది. వీధి వీధంతా వారి సతీమణి శ్రీమతి జమీలా గారిని ‘మేనేజరమ్మ గారు’ అనసాగింది. ఆ ముచ్చట మూణ్ణాళ్లే అయింది. రెండేళ్లు తిరగకుండానే ప్రధాన కార్యాలయం పదకొండు స్థాయిల హోదాలను నాలుగింటికి కుదించింది. జీతం తగ్గలేదు గానీ, మదార్ సాహెబ్ గారూ, వారి వద్దనే పని నేర్చుకున్న మణికుమార్ గారూ ఒకే వరుసలో వట్టి ‘ఆఫీసర్లు’ అయ్యారు. మదార్ సాహెబ్ గారికి తల కొట్టేసినట్టయింది. స్వచ్ఛంద విరమణ తీసుకుంటానని ఇంట్లో చెప్పేశారు కూడా.

అదే సంవత్సరం జులైలో కంకిపాడు రైతు రత్తయ్య గారు వచ్చి, మన విత్తనం మొలకెత్తలేదని మొర పెట్టుకున్నారు. కాలువకు నీళ్లు వచ్చేశాయి. అదను దాటితే ఆ ఏడు చేను బీడే. మదార్ సాహెబ్ గారు నారుమడి స్వయంగా చూసివచ్చి, వివరమంతా రాసి, పాతికేళ్ల అలవాటు చొప్పున ‘పైవారి ఆదేశాల నిమిత్తం’ అని ముగించి మణికుమార్ గారి చేతికిచ్చి పంపారు. మధ్యాహ్నానికి ఆయన ఆ కాగితంతోనే తిరిగొచ్చారు.

“సార్, ఇది ఎవరికి పంపమంటారు?”

“అదేంటయ్యా, పైకి.”

“ఈ విషయంలో పైన ఎవరూ లేరండీ. విత్తనం మార్చి ఇచ్చే పవర్ ఇప్పుడు మీదేనండీ.”

మదార్ సాహెబ్ గారు కాగితం చేతిలోకి తీసుకున్నారు. నిర్ణయం తప్పైతే మాట పడవలసింది తామొక్కరే. గుమ్మం దగ్గర రత్తయ్య గారు తువ్వాలు నలుపుకుంటూ నిలబడి ఉన్నారు. మదార్ సాహెబ్ గారు ఆ చివరి వాక్యం కొట్టేసి, కింద సంతకం చేశారు.

“రత్తయ్య గారూ, బండి తెచ్చారా? బస్తాలు ఎత్తించుకోండి.”

పాత పద్ధతిలోనైతే ఆ కాగితం బల్ల బల్లా తిరిగి వచ్చేసరికి కోతల కాలం వచ్చేది. రత్తయ్య గారి చేను పండింది. మదార్ సాహెబ్ గారు విరమణ మాట మళ్లీ ఎత్తలేదు. ఆ మార్పులో మనసు విరిగి వెళ్లిపోయిన మంచివాళ్లూ ఉన్నారు, వారి వెలితి వెలితే. మదార్ సాహెబ్ గారు మాత్రం నిలిచి, ఈ ఆరేళ్లూ డెల్టా రైతులకు కొండంత అండగా ఉన్నారు. కోపం ముక్కు మీదే ఉండేది. కానీ రైతును రేపు రమ్మని పంపిన రోజు లేదు.

మన కంపెనీ పత్రిక ఈ సంచికలో తమ ఫొటో కింద ఏ హోదా వేయమంటారని అడిగితే, “పేరు వేయండి, చాలు. రైతులు వచ్చి అడిగేది దాన్నేగా!” అన్నారు. అలాగే వేశాము. ఆ పేరు నోరారా పిలిచేవారి నడుమ, శ్రీమతి జమీలా గారితో కలిసి, వారు నిండు ఆరోగ్యంతో నూరేళ్లు చల్లగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాము.