రాఘవేందర్ తోలిన టాప్ మోడల్

అమీర్‌పేట మెట్రో మెట్ల కింద, బుచ్చమ్మ చాయ్ బండి దగ్గర, తుంపర పడుతున్న ఒక సాయంత్రం సంగతి ఇది. కరెంటు పోయింది. పొయ్యి వెలుగులో ఒకరి ముఖం ఒకరికి సగమే కనబడుతోంది. నెత్తిమీద రైలు పోయినప్పుడల్లా గ్లాసులు సన్నగా వణుకుతున్నాయి.

మానస చాయ్ తాగకుండా గ్లాసు పట్టుకుని కూర్చుంది. చిన్నప్పుడు నాయన మోపెడ్ మీది నుంచి వెనక్కి పడింది, అప్పటినుంచి ఎవరి వెనకా బండెక్కలేదు. పెనిమిటి మహిపాల్‌కేమో ఆమెను ఎక్కించుకుని అరకు దాకా పోవాలని పెండ్లినాటి నుంచీ కోరిక. కొనబోయే టూరింగ్ బండి రెండు రకాలు. బేస్ మోడల్‌ది వట్టి సీటు. టాప్ మోడల్‌కు ముందర గాలి ఆపే అద్దం, పక్కన డబ్బాలు, కింద డబుల్ స్టాండు, వెనక కూర్చున్నవాళ్ళు వీపానించుకోవడానికి మెత్తటి దిండు. పొద్దున షోరూంలో ఆ దిండును తడిమి చూశాకే మానస ఎక్కడానికి సరేనంది. షోరూం మూసేలోపు ఏదో ఒకటి ఫోన్ చేసి చెప్పాలి.

అంతలో మహిపాల్ దోస్తు రాఘవేందర్ వచ్చి బెంచీ మీద చతికిలబడ్డాడు. నిన్ననే పంజాగుట్టలోని అదే షోరూంకు పోయి రెండూ తోలి చూశాడట.

"బేస్ మోడల్‌ది ఏమున్నది, సైడ్ స్టాండు తీసిన, గల్లీల ఒక చక్కర్ కొట్టిన, తెచ్చి పెట్టిన. అసలు కత టాప్ మోడల్ కాడ మొదలైంది. షోరూం ముంగట పూజ చేసి, ఎనుక చక్రం కింద నిమ్మకాయ పెట్టిన్రు. ఎక్కి కూసున్న. గంత పెద్ద బండి, జర సుత ఊగలే. కాలు కింద పెట్టే పనే పడలే. గేరేసి రేజిచ్చిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మీటర్ల నూట ఎనభై. గంత స్పీడ్ల కండ్లు తెరిస్తే గుడ్లు ఊడి పడ్తయ్, అందుకే మూసుకున్న. జరసేపటికి తెరిచి చూస్తే పక్కన ఒక ముసలామె. చీపురు పట్టుకొని నన్నే చూస్తున్నది."

"యాడ?" అంది బుచ్చమ్మ.

"ఫ్లైఓవర్ మీద."

మళ్ళీ కళ్ళు మూసుకున్నాడట. బేగంపేట పాత ఎయిర్‌పోర్టు వచ్చి ఉంటుందని తెరిస్తే అదే ముసలామె, అదే చీపురు. ఊడవడం లేదు, ఊరికే చూస్తోంది. శ్రీశైలం ఘాట్‌లో తెరిస్తే అక్కడా ఆమే.

"మస్తు పోతున్న, గాని ముఖానికి గాలి తగుల్తలే. ఇంజను తప్ప లోకంల ఇంకో సప్పుడు లేదు. పోయి పోయి సముద్రం మీదికెక్కిన. నీళ్ళ మీద ఉరుకుతున్న, టైరుకు తడి అంటలే. కండ్లు తెరిస్తే నీళ్ళ మీద సుత గామెనే, చీపురు పట్టుకొని."

భయం ఎంత చిత్రమైనదో చూడండి, చేతిలో వేడి గ్లాసు ఉండగానే మానస వేళ్ళు చల్లబడ్డాయి.

రాఘవేందర్ గొంతు తగ్గించాడు. "గప్పుడు ఎనుకనుంచి భుజం మీద చెయ్యి పడ్డది. తడిచెయ్యి. 'జర జరుగు బిడ్డా' అన్నది. గా దిండు సీటు మీద ముందే ఒకరున్నరు, చెల్లే. నువ్వు ఎక్కకు."

పైన రైలు పోయింది. మహిపాల్ భార్య ముఖం చూసి, మెల్లగా ఫోను తీశాడు. బేస్ మోడలే చెప్పేస్తా, నేనొక్కణ్ణే తిరిగొస్తాలే అన్నాడు. ఆ 'ఒక్కణ్ణే' అన్న మాట ముసలామె చెయ్యి కన్నా చల్లగా తగిలింది మానసకు. కథంతా మొదటినుంచి మనసులో తిప్పుకుంది.

"దిగేటప్పుడు ఏ కాలు పెట్టినవ్ అన్నా?"

కాలెందుకని రాఘవేందర్ ఛాతీ విరిచాడు. తను దిగినా ఎవరూ పట్టుకోకుండానే బండి నిలబడిందట. అంత దూరం పోయొచ్చినా చక్రం కింద నిమ్మకాయ చితకనేలేదట.

"మరి ఎక్కేటప్పుడు ఏ స్టాండు తీసినవ్?"

చాయ్ వడగడుతున్న బుచ్చమ్మ చెయ్యి ఆగింది.

"పొద్దున దిండు చూసేటప్పుడు నేను కిందికి సుత చూసిన," అంది మానస. "డబుల్ స్టాండు మీదున్నది బండి. ఎనుక చక్రం భూమికి తాకుతలే."

"మరి... గా చెయ్యి?" రాఘవేందర్ తన భుజం తడిమి చూసుకున్నాడు.

"నువ్వు కండ్లు మూసుకొని షోరూం ముంగట గట్ల కూసుంటే, పాపం ఆమె ఊడ్వద్దా అన్నా?"

బుచ్చమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మహిపాల్ నవ్వలేదు. ఫోను చెవి దగ్గరే పట్టుకుని మానసనే చూస్తున్నాడు, అవతల షోరూంవాళ్ళు హలో, హలో అంటున్నారు.

"టాప్ మోడల్ అని చెప్పు," అంది మానస, చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగేసి. "గట్టి బండి. సముద్రం దాకా పోయొచ్చినా స్టాండు కదలలే."