పెద్ద ఫాదర్ ఆఖరి మూడు రోజులు

చర్చి వెనక బట్టలుతికే గది. పెద్ద ఫాదర్‌ని, విశ్వాసం కోసం సైనికుల చేతిలో ప్రాణమిచ్చిన వేదసాక్షిగా ప్రకటించడం కోసం సాక్ష్యాలు రాసుకుంటున్న కుర్ర ఫాదరూ, ముప్పయ్యేళ్లుగా చర్చి బట్టలు ఉతుకుతున్న ముసలావిడా.

“ఛీ, ఛీ, అది కొట్టెయ్యండి ముందు.”

“ఎందుకమ్మా? బడి మేష్టారు స్వయంగా చెప్పారు. పెద్ద ఫాదర్‌ని తీసుకెళ్తుంటే సైనికుల బండికి తాను అడ్డంగా పడుకున్నానని...”

“పడుకున్నాడు, మంచం కింద! వీధిలో అందరికంటే ముందు మూసుకున్న కిటికీ ఆయనదే. ఆ మాట మళ్లీ చదవకండి ఫాదర్.”

“సరే, సరే. మరి మీ పక్కింటావిడ దగ్గర పెద్ద ఫాదర్ అంగీ ముక్క ఉందిగా, రక్తం మరకతో? అద్దాల పెట్టెలో...”

“అంగీయా? ఆయన ఒంటిమీద అంగీ ఉంటేగా! పోయిన మా ఆయన చొక్కా తొడిగి దాచాను. ఆ ముక్క చర్చి పాత కర్టెనుది. ఆ మరక తుప్పు. ఎన్నిసార్లు రుద్దానో నాకు తెలీదూ!”

“ఉండండి. దాచారా? మీరా?”

“ఇక్కడే. ఆ మూల, మాసిన బట్టల కుప్ప కింద. మూడు రోజులు.”

“ఎవరూ చెప్పలేదే!”

“ఎవరికి తెలుసు గనక!”

“ఎలా ఉండేవారమ్మా? ప్రార్థన చేసుకుంటూ, ప్రశాంతంగా...”

“ప్రశాంతమా, నా బొంద! బండి చప్పుడైతే చాలు, వాంతి. రెండుసార్లు బట్టలు తడుపుకున్నాడు. నేనే ఉతికాను.”

“అమ్మా, అది... అది రాయలేనమ్మా.”

“అదే రాయండి! ఆయన ఒంట్లోంచి గులాబీల వాసన వచ్చిందని రాశారుగా, ఏ మహానుభావుడు చెప్పాడో! ఫినాయిల్ వాసన వచ్చేది. జ్వరాల ఏడు ఈ వీధిలో అందరి మంచాల కిందా కడిగిన చేతులవి. ఎక్కణ్ణుంచో సముద్రం దాటొచ్చిన మనిషి. భాష సరిగ్గా రాదు. ‘ఎలా ఉన్నారు’ అనబోయి ‘ఎందుకున్నారు’ అనేవాడు. కోపమైతే ముక్కు మీదే.”

“మూడో రోజు ఏమైందమ్మా?”

“సైనికులు మైకులో చాటారు. ఫాదర్ ఏ ఇంట్లో దొరికితే ఆ ఇంట్లో అందర్నీ కాలుస్తామని. పక్క గదిలో నా కోడలు. నెలలు నిండి...”

“అప్పుడే కదా ఆయన బయటికి నడిచారు! చేతులెత్తి, ‘నేనే, నన్ను తీసుకెళ్లండి’ అని.”

“అన్నాడు. విన్నాను.”

“సిలువ తొక్కితే వదిలేస్తామన్నారట?”

“మూడుసార్లన్నారు. తలుపు సందులోంచి చూశాను. కాళ్లు గడగడ వణుకుతున్నాయి. తొక్కలేదు. ఒక్కసారీ తొక్కలేదు. ఆ బడి గోడకే నిలబెట్టి... వీధి వీధంతా కిటికీల వెనక ఊపిరి బిగబట్టుకుని ఉంది ఫాదర్. ఇప్పుడేమో ప్రతివాడూ ఏడ్చాడట, అడ్డుపడ్డాడట! వీళ్ల మొహాలు చూస్తే అసహ్యం. నా మొహం అద్దంలో చూసుకున్నా అసహ్యమే.”

“మీకెందుకమ్మా? ప్రాణాలకి తెగించి మూడు రోజులు దాచారు.”

“మూడు రోజులే.”

“అంటే?”

“రాస్తున్నారా?”

“రాస్తున్నాను.”

“ఆయన తనంతట తాను వెళ్లలేదు. కుప్ప కిందనుంచి రెక్క పట్టి లాగాను. ‘పో, పో బయటికి’ అని గుమ్మంలోంచి నేనే గెంటాను... ఏం ఫాదర్, కలం ఆగింది?”

“ఆయన... ఆయన ఏమీ అనలేదా?”

“అన్నాడు. తలుపు మూశాక, బయటినుంచి. గుసగుసగా.”

“ఏమని?”

“‘గడియ పెట్టుకో తల్లీ. ఇక్కణ్ణుంచి వచ్చానని వాళ్లకి తెలియకూడదు.’”